ఇంటి తయారీ యాంప్లిఫయర్: నెల్లూరు తీరం

ఇంటి తయారీ యాంప్లిఫయర్ అంటే విడిభాగాలో, బిగించి అమ్మే బోర్డులో కొని, వాటికి ట్రాన్స్‌ఫార్మరు, వేడిని గాలిలోకి వదిలే హీట్ సింకు, పెట్టె జతచేసి సొంతంగా కట్టుకునే ధ్వని పరికరం. తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్ని ‘వర్ధకం’ అన్నాయి గాని, ఆ మాట తరగతి గది దాటి రాలేదు. ఊళ్లలో యాంప్లిఫయరు, మైకు సెట్టు, సౌండు బాక్సు అన్న మాటలే నిలిచాయి. సర్క్యూటు ఎక్కడైనా ఒక్కటే. పెట్టె మాత్రం ఊరి గాలిని బట్టి మారుతుంది. కావలి నుంచి మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ సరస్సు దాకా సాగే నెల్లూరు తీరంలో ఈ మార్పు బాగా కనిపిస్తుంది. ఇక్కడి వేసవి వేడికి పెట్టె తెరిచి ఉండాలి, ఉప్పుగాలికి మూసి ఉండాలి. ఈ రెండింటినీ సర్దుబాటు చేయడమే ఇక్కడి తయారీలో అసలు పని.

పనిచేసే తీరు

యాంప్లిఫయరు చిన్న సిగ్నలును సాగదీసి పెద్దది చేయదు. పెన్నా డెల్టాలో కాలువ తూము దగ్గర నిలబడినవారు తలుపును కొద్దిగా ఎత్తితే నీరు ఉరికి వస్తుంది. ఆ నీరు తలుపు ఎత్తిన చేతిది కాదు, వెనకనున్న కాలువది. అలాగే ఫోను నుంచో రేడియో నుంచో వచ్చే ఒక వోల్టు లోపు సిగ్నలు తలుపు తీయడానికి, వేయడానికి మాత్రమే పనికొస్తుంది. స్పీకరును కదిలించే శక్తి అంతా ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కెపాసిటర్లు కలిసిన విద్యుత్ సరఫరా నుంచి వస్తుంది. అందుకే అనుభవమున్న మెకానిక్కులు బోర్డు కంటే ముందు ట్రాన్స్‌ఫార్మరు బరువు చూస్తారు.

8 ఓమ్‌ల స్పీకరుకు 50 వాట్లు అందాలంటే దాని కొసల మధ్య 20 వోల్టులు ఉండాలి. అంటే ఒక వోల్టు సిగ్నలును 20 రెట్లు చేయాలి. ఆ తరంగం శిఖరం సుమారు 28 వోల్టులకు చేరుతుంది కాబట్టి, సరఫరా ప్లస్ వైపూ మైనస్ వైపూ 30 వోల్టులకు పైగా ఉంటే తప్ప కొన విరగకుండా రాదు. కొన విరిగిన తరంగమే చెవికి ‘పగిలిన’ శబ్దంగా వినిపిస్తుంది.

చరిత్ర

బలహీనమైన సిగ్నలును పెంచే తొలి ఎలక్ట్రానిక్ సాధనం వాక్యూం ట్యూబు. 1906లో లీ డి ఫారెస్ట్ రూపొందించిన ‘ఆడియాన్’ దానికి మొదలు. 1927లో హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టిన ‘నెగటివ్ ఫీడ్‌బ్యాక్’ పద్ధతి శబ్దంలో వికృతిని బాగా తగ్గించింది. ఇంట్లో కట్టుకునేవారికి దారి చూపిన రచన 1947లో వచ్చింది. ఆ ఏడాది బ్రిటిష్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’లో డి.టి.ఎన్. విలియమ్సన్ ప్రచురించిన ట్యూబు యాంప్లిఫయరును అనేక దేశాల ఔత్సాహికులు కట్టుకున్నారు. బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినదీ ఆ ఏడాదే. 1952లో పీటర్ బాక్సండాల్ అదే పత్రికలో ప్రచురించిన టోన్ కంట్రోలు నేటికీ బాస్, ట్రెబుల్ బోర్డుల్లో వాడుకలో ఉంది. 1956లో హెచ్.సి. లిన్ వివరించిన ట్రాన్సిస్టరు సర్క్యూటు ఆ తరువాతి పవర్ యాంప్లిఫయర్లకు మూసగా నిలిచింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు రేడియో కేంద్రం, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం ఈ ప్రాంతానికి రేడియో వినికిడిని అలవాటు చేశాయి. రేడియోతో పాటు రేడియో బాగుచేసే పనీ వచ్చింది. టూరింగ్ టాకీసులు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే మైకు సెట్లు యాంప్లిఫయరును వీధిలోకి తెచ్చాయి. 1940లో స్థాపితమైన ఆహూజా సంస్థ పేరు ఊళ్లలో గొట్టం మైకుకు మారుపేరు లాంటిదైంది. 1969లో ఢిల్లీ నుంచి మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రిక సర్క్యూట్లను ఇళ్లకు చేర్చింది. క్యాసెట్ల కాలంలో కంపెనీ స్టీరియో కొనలేని ఇళ్లకు ‘అసెంబుల్డ్’ సెట్టు అందుబాటులోకి వచ్చింది. విడిభాగాలకు నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నై రిచీ స్ట్రీటు దగ్గరి పెద్ద బజారు. హైదరాబాదులో ఆ స్థానం కోఠీది.

నెల్లూరు అభ్రకం

యాంప్లిఫయరు చరిత్రలో నెల్లూరు నేలకు నేరుగా ఒక చోటుంది. పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల అభ్రకం, అంటే మైకా, ఒకప్పుడు మద్రాసు రేవు మీదుగా విదేశాలకు వెళ్లేది. ఇనుకుర్తి గనిలో పది అడుగుల అడ్డుకొలత ఉన్న అభ్రకపు దిమ్మలు దొరికినట్లు ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల గ్రంథాలు నమోదు చేశాయి.

అభ్రకాన్ని వెంట్రుకంత మందం పొరలుగా చీల్చవచ్చు. ఆ పొర విద్యుత్తును ఆపుతుంది, ఎర్రటి వేడినీ తట్టుకుంటుంది. ఈ గుణాల వల్ల అది యాంప్లిఫయరులో మూడు చోట్ల చేరింది. వాక్యూం ట్యూబులో లోహపు తీగలను కదలకుండా పట్టి ఉంచే బిళ్లలు అభ్రకంతో చేసినవే. కొన్ని పికోఫారడ్ల విలువగల సిల్వర్ మైకా కెపాసిటర్లలో పొరలుగా ఉండేదీ అదే. ట్రాన్సిస్టర్లు వచ్చాక, వాటికీ హీట్ సింకుకూ మధ్య ‘మైకా వాషరు’ అయింది.

ఈ వాషరు అవసరం ట్రాన్సిస్టరు నిర్మాణం నుంచి వచ్చింది. 2ఎన్3055 వంటి పాత పవర్ ట్రాన్సిస్టరులో బయటి లోహపు తొడుగే ‘కలెక్టర్’ అనే కొస. 2ఎస్‌సీ5200 వంటి కొత్తవాటిలో వెనక ఉండే లోహపు పలక ఆ కొసకు కలిసి ఉంటుంది. నేరుగా అల్యూమినియం మీద బిగిస్తే సరఫరా వోల్టేజి హీట్ సింకుకు ఎక్కి, రెండు ట్రాన్సిస్టర్లు ఒకే సింకు మీద ఉంటే షార్టు అవుతుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం ఉన్న అభ్రకం వెయ్యి వోల్టులకు పైగా తట్టుకుంటూనే వేడిని దాటనిస్తుంది. పొరకు రెండు వైపులా హీట్ సింక్ పేస్టు పలచగా రాయాలి, లేకపోతే సందుల్లోని గాలి వేడిని ఆపేస్తుంది. ఇప్పుడు సిలికాన్ పలకలు మైకా స్థానాన్ని చాలావరకు తీసుకున్నాయి.

బోర్డుల రకాలు

ఇంట్లో కట్టేవారు వాడే సర్క్యూట్లు స్థూలంగా మూడు వర్గాలు.

*ఐసీ బోర్డులు:* కొత్తగా నేర్చుకునేవారికి అనువైనవి. 12 వోల్టులతో నడిచే 4440, టీడీఏ2003 ఐసీలు, రెండు వైపుల సరఫరాతో 14 వాట్ల దాకా ఇచ్చే టీడీఏ2030, అంతకంటే శక్తిమంతమైన టీడీఏ7294, ఎల్ఎం3886 ఈ కోవలోవి. బయట జోడించాల్సిన భాగాలు తక్కువ. టీడీఏ2030 వెనకనున్న లోహపు రెక్క మైనస్ సరఫరాకు కలిసి ఉంటుంది, కాబట్టి రెండు వైపుల సరఫరా వాడినప్పుడు దానికీ వాషరు తప్పదు.

*ట్రాన్సిస్టరు బోర్డులు:* మొదట్లో రెండు 2ఎన్3055లతో కట్టేవారు. తరువాత తోషిబా రూపొందించిన 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 జంట మన బజారులో స్థిరపడింది. కొట్లో ‘5200, 1943 బోర్డు’ అంటే చాలు. గిరాకీ ఎక్కువ కావడంతో నకిలీలూ ఎక్కువే. నకిలీ ట్రాన్సిస్టరులో సిలికాన్ ముక్క చిన్నదిగా ఉండి, మామూలు శబ్దానికి పలుకుతుంది గాని, వాల్యూం పెంచగానే కాలిపోతుంది.

*క్లాస్-డి బోర్డులు:* ఇవి ట్రాన్సిస్టరును పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం మాత్రమే చేస్తూ సెకనుకు లక్షల సార్లు మారతాయి. తీసుకున్న విద్యుత్తులో ఎనభై అయిదు, తొంభై శాతం స్పీకరుకు చేరుతుంది. మొదటి రెండు వర్గాల్లో సాధారణమైన క్లాస్-ఏబీ పద్ధతికి మూలమైన క్లాస్-బీలో సిద్ధాంతపరంగానే ఆ పరిమితి 78.5 శాతం.

పెట్టెల మీద క్షణకాలపు శిఖర శక్తిగా రాసే ‘పీఎంపీఓ’ వాట్లకూ వినిపించే శబ్దానికీ పొంతన ఉండదు. లెక్క చూడటం తేలిక. ట్రాక్టరులోనో పడవలోనో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మీద, 4 ఓమ్‌ల స్పీకరుకు రెండు కొసలనూ నడిపే బ్రిడ్జి పద్ధతిలో కొన విరగని తరంగం గరిష్ఠంగా 18 వాట్లు. అంతకు మించి రావాలంటే లోపల వోల్టేజిని పెంచే ఇన్వర్టరు ఉండి తీరాలి.

విద్యుత్ సరఫరా

50 వాట్ల స్టీరియోకు ‘24-0-24, 5 ఆంప్స్’ ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుంది. 24 వోల్టుల ఏసీని బ్రిడ్జి డయోడుతో డీసీగా మారిస్తే శిఖర విలువ 1.414 రెట్లు, అంటే డయోడులో పోయేది తీసేస్తే సుమారు 33 వోల్టులు. ఇంటి కరెంటు 230 నుంచి 250కి ఎగిసిన రోజున ఇది 36 దాటుతుంది. అందుకే కెపాసిటర్లు 35 వోల్టులవి కాకుండా 50 వోల్టులవి వాడాలి. ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్లు ఉంటే 100 హెర్ట్జ్‌ల ‘గుంయ్’ మోత చాలావరకు అణుగుతుంది.

అప్పటికీ మోత వినిపిస్తే లోపం గ్రౌండు వైరింగులో ఉన్నట్టే. సరఫరా, స్పీకర్లు, ఇన్‌పుట్, లోహపు పెట్టె, వీటి గ్రౌండు తీగలన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి. రెండు దారుల్లో కలిస్తే ఆ వలయం యాంటెన్నాలా ట్రాన్స్‌ఫార్మరు క్షేత్రాన్ని పట్టుకుంటుంది. వాల్యూం కంట్రోలుకు వెళ్లే తీగ షీల్డు వైరై, ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా సాగాలి.

వేడి లెక్క

33 వోల్టుల జంట సరఫరాతో 8 ఓమ్‌లకు పనిచేసే క్లాస్-ఏబీ యాంప్లిఫయరు ఒక్కో ఛానెల్లో గరిష్ఠంగా సుమారు 28 వాట్లను వేడిగా వదులుతుంది. హీట్ సింకు 75 డిగ్రీల సెల్సియస్ దాటకూడదనుకుందాం. గది 25 డిగ్రీలుంటే 50 డిగ్రీల తేడా మిగులుతుంది. ఒక్కో వాటుకు 1.8 డిగ్రీలు పెరిగే సింకు చాలు. చల్లని దేశాల డ్రాయింగుల్లో కనిపించే సింకులు ఈ లెక్కవే. రోహిణీ కార్తెలో నెల్లూరు గాలి 42 డిగ్రీలకు చేరినప్పుడు మిగిలేది 33 డిగ్రీలే. అప్పుడు వాటుకు 1.2 డిగ్రీల సింకు కావాలి. అంటే అదే బోర్డుకు ఇక్కడ దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్ద సింకు పెట్టాలి. 4 ఓమ్‌ల స్పీకర్లు కలిపితే వేడి రెట్టింపు అవుతుంది. ఇది తెలియక పెళ్లిలో ఒకే యాంప్లిఫయరుకు బాక్సు మీద బాక్సు కలుపుతూ పోవడం వల్లనే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎక్కువగా పోతాయి.

ఉప్పుగాలి

సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే అది తనంతట తానే నీరు పీల్చి ద్రవమవుతుంది. అప్పుడు బోర్డు మీది ధూళి విద్యుత్తును పారనిచ్చే పొరగా మారుతుంది. రాత్రివేళల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈశాన్య రుతుపవనాల్లో తీరగ్రామాల్లో ఇది మామూలు స్థితి.

మొదట చెడేవి కదిలే భాగాలు. వాల్యూం తిప్పితే గరగరమనడం, పిన్ను కదిపితే ఒక వైపు పలకకపోవడం దాని గుర్తులు. రాగి తీగ కొసలకు చిలుము పడుతుంది. ఇనుప మరకు అల్యూమినియం తగిలిన చోట తడి చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడి అల్యూమినియం తెల్లగా పొడిరాలుతుంది. టంకం వేశాక మిగిలిన ఆమ్ల గుణమున్న పేస్టు తేమతో కలిసి రాగిని తింటుంది. నివారణ ఖర్చుతో కూడినది కాదు. టంకం పూర్తయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు తుడిచి, ఆరాక పలచగా వార్నిషు పూయాలి. మూసి ఉండే రకం వాల్యూం కంట్రోళ్లు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడాలి.

యాంప్లిఫయరు పెట్టె

వేడి కోసం పైనా కిందా చిల్లులు పెడితే వాటిగుండా ఉప్పు, ధూళి, చీమలు, బల్లులు వస్తాయి. అన్నీ మూసేస్తే వేడి నిలుస్తుంది. దీనికి తీరప్రాంతంలో పనికొచ్చే నమూనా హీట్ సింకు బయట, మిగతాదంతా లోపల. సింకునే పెట్టె వెనక గోడగానో పక్క గోడగానో అమర్చి, ట్రాన్సిస్టర్లను దాని లోపలి ముఖానికి బిగిస్తారు. రెక్కలు నిలువుగా ఉంటేనే వేడెక్కిన గాలి పైకి సాగుతుంది, అడ్డంగా ఉంటే రెక్కల మధ్యే ఆగుతుంది. ఫ్యాను ఈ పద్ధతికి విరుద్ధం. అది వేడిని తగ్గించే మాట నిజమే గాని, రోజంతా ఉప్పుగాలిని లోపలికి తోడుతుంది. అద్దె సెట్లలాగా ఫ్యాను తప్పనిసరైతే దాన్ని సింకు రెక్కల మీదికే తిప్పి, బోర్డున్న అరను వేరు చేయాలి.

పెట్టెకు అల్యూమినియం రేకు మేలు. సన్న ఇనుప రేకు చౌకే గాని, గీత పడిన చోట తుప్పు మొదలవుతుంది. పాడైన డీవీడీ ప్లేయరు, యూపీఎస్ తొడుగులను వాడుకోవడమూ ఉంది. చెక్క పెట్టె అందంగా ఉంటుంది గాని, బయటి విద్యుత్ అలజడిని ఆపదు. చెక్క వాడితే లోపల రేకు తొడిగి గ్రౌండు చేయాలి. అమరికలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఒక మూల, ఇన్‌పుట్ సాకెట్లు దానికి ఎదురు మూల ఉండాలి.

స్పీకరు పెట్టె

స్పీకరు కాగితపు శంకువు ముందుకు నెట్టిన గాలినే వెనక నుంచి లాక్కుంటుంది. విడి స్పీకరులో ఈ రెండూ కలిసి బాస్ రద్దవుతుంది. పెట్టె పని ఆ రెంటినీ విడదీయడం. ఊళ్లలో పిల్లలు స్పీకరును మట్టికుండ మూతికి బిగించి పాటలు వినడం వెనక ఉన్న సూత్రం ఇదే. కుండలో బంధించిన గాలి ఒక స్వరానికి గట్టిగా మోగుతుంది. బాస్ పెరిగినట్టుంటుంది గాని, ఆ ఒక్క స్వరమే మిగతావాటిని మింగుతుంది.

పైపు ఉన్న బాస్ రిఫ్లెక్స్ పెట్టెలో ఈ మోతను లెక్కకట్టి అదుపులో పెడతారు. ఇందుకు 1961లో ఎ.ఎన్. థీల్, 1970ల్లో రిచర్డ్ స్మాల్ ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలు ఆధారం. ఉదాహరణకు 40 లీటర్ల పెట్టెను 45 హెర్ట్జ్‌లకు శ్రుతి చేయాలంటే, 7.5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం గల పైపు సుమారు 11 సెంటీమీటర్ల పొడవుండాలి. నీళ్ల పీవీసీ పైపు ముక్కే దీనికి చాలు. స్పీకరు రకాన్ని బట్టి ఈ కొలతలు మారతాయి.

ఎండీఎఫ్ పలక నున్నగా కోయబడుతుంది గాని తేమకు ఉబ్బి అంచులు విచ్చుకుంటాయి. తీరంలో ఐఎస్ 710 ప్రమాణపు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ మన్నుతుంది. కోసిన అంచులను జిగురు, పెయింటుతో మూయడం మరవకూడదు. నీరు దిగేదీ, చెదలు ఎక్కేదీ అక్కడే. లోపల పత్తి దూది తేమ పట్టి బూజెక్కుతుంది కాబట్టి పాలిస్టరు దూది వాడాలి. కాగితపు శంకువు, ఫోమ్ అంచు ఉన్న స్పీకర్ల కంటే పాలీప్రొపిలీన్ శంకువు, రబ్బరు అంచు ఉన్నవి ఇక్కడ ఎక్కువ కాలం వస్తాయి.

తొలిసారి ఆన్ చేయడం, భద్రత

కొత్త బోర్డుకు నేరుగా కరెంటు ఇవ్వరు. 60 లేదా 100 వాట్ల పాతరకం బల్బు ఉన్న సీరీస్ బోర్డు ద్వారా ఇస్తారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సర్క్యూటు బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. తరువాత స్పీకరు పెట్టకుండా అవుట్‌పుట్ దగ్గర డీసీ కొలవాలి. 50 మిల్లీవోల్టులు మించితే స్పీకరు కలపకూడదు. ట్రాన్సిస్టరు షార్టయితే 33 వోల్టుల డీసీ నేరుగా వాయిస్ కాయిల్‌ను మాడ్చేస్తుంది గనుక, దాన్ని ఆపే రిలే బోర్డును పెద్ద సెట్లకు కలుపుతారు.

లోహపు పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తప్పనిసరి. ఫ్యూజు ఫేజు తీగలోనే ఉండాలి. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేయడం మన పాత పద్ధతి. తీరపు నేలలో ఉప్పు సహజంగానే ఉంది గాని, అదే ఎర్తు పైపునూ తినేస్తుంది, కాబట్టి కొన్నేళ్లకోసారి పరీక్షించాలి. స్విచ్చు ఆపాక కూడా కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది. దాన్ని రెసిస్టరుతో ఖాళీ చేశాకే చేయి పెట్టాలి.

వాడుక, చట్టం

చౌకైన బ్లూటూత్, క్లాస్-డి బోర్డులు వచ్చాక సర్క్యూటును మొదటి నుంచీ టంకం వేసి కట్టేవారు తగ్గారు. ట్రాన్స్‌ఫార్మరు స్థానంలో ఎస్ఎంపీఎస్ అనే స్విచింగు సరఫరా, పెద్ద సింకు స్థానంలో చిన్న రేకు వచ్చాయి. వేడి తగ్గడంతో పెట్టెను పూర్తిగా మూసే వీలు కలిగింది, ఇది తీరప్రాంతానికి లాభమే. అయితే ఈ బోర్డుల మీది సన్నని టంకపు కాళ్ల మధ్య దూరం మిల్లీమీటరు కంటే తక్కువ. ఉప్పుతడి వాటిని పాత బోర్డుల కంటే త్వరగా కలిపేస్తుంది. బోర్డు మారినా వార్నిషు పూత అవసరం పోలేదు.

జాతరలు, పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లలో ఈ సెట్లను వాడేటప్పుడు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు వర్తిస్తాయి. లౌడ్ స్పీకరుకు అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. బహిరంగ స్థలాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల దాకా లౌడ్ స్పీకరు వాడకం సాధారణంగా నిషిద్ధం. ఈ నియమాలు కంపెనీ సెట్టుకైనా, ఇంట్లో కట్టిన సెట్టుకైనా ఒక్కటే.